గాలిబ్ ఇంట్లో 17 సీసాలు: 62 రూపాయల 8 అణాల పింఛనుతో ఢిల్లీలో ఒక మహాకవి బతుకు లెక్క

పాత ఢిల్లీలోని బల్లీమారాన్ ప్రాంతం. 1857 తిరుగుబాటు అణగిపోయి కొన్నేళ్లు గడిచాయి. సగం ఖాళీ అయిపోయిన ఆ నగరంలో, ఒక అద్దె ఇంట్లో ఉంటున్న ముసలి కవి తన శిష్యుడు మీర్ మహదీ మజ్రూహ్‌కు ఒక సంతోషకరమైన ఉత్తరం రాశారు. అమీర్ హంజా కథల సంపుటం, బోస్తాన్-ఎ-ఖయాల్ సంపుటం చేతికి వచ్చాయి. సామాన్ల గదిలో 17 సీసాల మంచి మద్యం ఉంది. పగలంతా చదువుకోవడం, రాత్రంతా తాగడం. ఇంతకన్నా ఏం కావాలన్నది ఆ ఉత్తరం సారాంశం.

ఆ కవి మిర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్. ఉర్దూ సాహిత్యంలో ఆయన పేరు తెలియనివారు ఉండరు. దాశరథి కృష్ణమాచార్య 'గాలిబ్ గీతాలు' పుణ్యమా అని తెలుగువారికీ ఆయన దగ్గరివాడే. ఆయన తాగేవారన్న సంగతీ అందరికీ తెలుసు. ఇంట్లో 17 సీసాలు ఒకేసారి ఉండటం ఆయనకు ఉత్తరం రాసేంత పెద్ద విషయం ఎందుకైందో మాత్రం చాలామందికి తెలియదు. దాని వెనుక అరవై ఏళ్ల జమాఖర్చుల కథ ఉంది.

ఎనిమిదేళ్ల పిల్లాడికి వచ్చిన పింఛను

గాలిబ్ 1797 డిసెంబర్ 27న ఆగ్రాలో పుట్టారు. తాత మధ్య ఆసియా నుంచి వచ్చిన తుర్కు సైనికుడు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ కూడా కత్తి పట్టి బతికినవాడే. గాలిబ్‌కు ఐదేళ్లప్పుడు ఆయన ఆల్వార్ దగ్గర పోరులో చనిపోయారు. పెంచిన బాబాయి నస్రుల్లా బేగ్ ఖాన్ 1806లో ఏనుగు మీది నుంచి పడి మరణించారు.

ఆ బాబాయి బ్రిటిష్ సేనాని లార్డ్ లేక్ కింద పనిచేశారు. ఆయన మీద ఆధారపడినవారికి ఏటా 10,000 రూపాయలు ఇవ్వాలని 1806 మేలో ఉత్తర్వు వచ్చింది. చెల్లించాల్సినవాడు ఫిరోజ్‌పుర్ ఝిర్కా నవాబు అహ్మద్ బక్ష్ ఖాన్. ఇప్పుడు ఆ ఊరు హరియాణాలోని నూహ్ జిల్లాలో, దేశ రాజధాని ప్రాంతం పరిధిలోనే ఉంది. నెల తిరగగానే మరో ఉత్తర్వు వచ్చి ఆ మొత్తాన్ని 5,000కు తగ్గించింది. అందులోనూ 2,000 ఖ్వాజా హాజీ అనే వ్యక్తికి పోయాయి. మిగిలినదాన్ని కుటుంబం పంచుకోగా గాలిబ్ వాటాకు వచ్చింది ఏటా 750 రూపాయలు. అంటే నెలకు 62 రూపాయల 8 అణాలు.

ఎనిమిదేళ్ల వయసులో ఖరారైన ఆ అంకె ఆయన చనిపోయేవరకూ మారలేదు. ధరలు మారాయి, పాలకులు మారారు, ఇంట్లో తినే నోళ్లు పెరిగాయి. పింఛను మాత్రం అక్కడే ఆగిపోయింది.

13 ఏళ్లకు పెళ్లయింది. భార్య ఉమ్రావ్ బేగం ఆ నవాబు తమ్ముడి కూతురే. పెళ్లయిన కొద్దికాలానికే గాలిబ్ ఢిల్లీ చేరి అక్కడే స్థిరపడ్డారు. అత్తింటివారిది నవాబుల కుటుంబం. స్నేహితులు సంపన్నులు. బయటికి వెళ్తే పల్లకీ ఉండాలి, వెంట నౌకర్లు ఉండాలి. హోదా నవాబులది, ఆదాయం గుమాస్తాది. ఆయన కష్టాలన్నీ ఈ తేడాలోంచే పుట్టాయి.

కలకత్తా దాకా వెళ్లిన అర్జీ

తమకు రావాల్సింది 10,000 అని, రెండో ఉత్తర్వు చెల్లదని గాలిబ్ గట్టిగా నమ్మారు. 1826లో ఢిల్లీ నుంచి బయల్దేరి లక్నో, బాందా, బెనారస్ మీదుగా 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు. ఈస్ట్ ఇండియా కంపెనీ ప్రభుత్వం ఉన్నది అక్కడే. సుమారు ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగారు. ప్రయాణానికీ, అక్కడ ఉండటానికీ అప్పులే ఆధారం.

డబ్బు దక్కలేదు కానీ కలకత్తా ఆయనకు ఒక కొత్త లోకాన్ని చూపించింది. ఆ నగరపు పచ్చదనం, పళ్లు, విదేశీ మద్యం ఆయన కవితల్లోకి ఎక్కాయి. ఓడల్లో వచ్చే యూరప్ సరుకు మొదట దిగేది ఆ రేవులోనే. ఢిల్లీకి చేరేసరికి దారి ఖర్చులు, వర్తకుల లాభాలు కలిసి దాని ధర పెరిగేది.

1829 చివరలో గాలిబ్ ఢిల్లీ తిరిగొచ్చారు. 1831లో అర్జీని కొట్టేశారు. ఎక్కడి గొంగళి అక్కడే. పింఛను అంతే ఉంది, అప్పు మాత్రం పెరిగింది. 1835లో ఢిల్లీ కమిషనర్ విలియం ఫ్రేజర్ హత్య కేసులో ఫిరోజ్‌పుర్ నవాబు షంసుద్దీన్ అహ్మద్ ఖాన్‌ను ఉరితీశారు. ఆయన జాగీరును కంపెనీ స్వాధీనం చేసుకుంది. దాంతో గాలిబ్ పింఛను ఢిల్లీ కలెక్టరేట్ నుంచి రావడం మొదలైంది. మొత్తం మాత్రం మారలేదు.

రుచి విషయంలో రాజీ లేదు

గాలిబ్ ఏది పడితే అది తాగే మనిషి కాదు. ఆయన ఉత్తరాల్లో రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి కాస్టెలాన్, రెండోది ఓల్డ్ టామ్. ఓల్డ్ టామ్ అంటే ఆ కాలంలో ఇంగ్లండ్‌లో బాగా అమ్ముడైన, కాస్త తీపి కలిసిన జిన్. ఇలాంటి సరుకు దొరికేది ఇంగ్లిష్ వర్తకుల కొట్లలో, కంటోన్మెంట్లలో. ఢిల్లీకి దగ్గరలో పెద్ద కంటోన్మెంట్ మేరఠ్. ఆయన మద్యం కథల్లో మేరఠ్ పేరు తరచూ వినిపించడానికి కారణం అదే.

శిష్యుడు అల్తాఫ్ హుస్సేన్ హాలీ రాసిన జీవితచరిత్రలో గాలిబ్ తాగే పద్ధతి వివరంగా ఉంది. రాత్రిపూట మాత్రమే, ఒక కొలత ప్రకారమే. అందులో గులాబీ నీరు బాగా కలిపి పలచన చేసేవారు. సీసాలున్న పెట్టె తాళంచెవి నౌకరు కల్లూ దగ్గర ఉండేది. మత్తులో తాను ఎంత అడిగినా, ఎంత కోప్పడినా తాళంచెవి ఇవ్వొద్దని ముందే చెప్పి ఉంచారు. తన బలహీనత తనకు తెలిసిన మనిషి చేసుకున్న ఏర్పాటు అది.

భార్య ఉమ్రావ్ బేగం నమాజు, ఉపవాసాలు తప్పని మనిషి. భర్త తాగుతాడని తన తిండి గిన్నెలు వేరుగా పెట్టుకున్నారు. ఆ ఇంటి గురించి ఢిల్లీలో ఒక కథ చెప్పుకుంటారు. పింఛను డబ్బంతా పెట్టి గాలిబ్ సీసాలు కొనుక్కొచ్చారట. తిండికి ఏం చేస్తామని భార్య నిలదీస్తే, తిండి పెడతానని దేవుడు మాటిచ్చాడు గానీ మద్యం గురించి ఏ మాటా ఇవ్వలేదని, అందుకే అది తానే చూసుకున్నానని బదులిచ్చారట. నవ్వుకోవడానికి బాగుంటుంది. ఆ నెల ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో మాత్రం ఆ కథ చెప్పదు.

అప్పు చేసి పప్పుకూడు

1830ల మధ్యకల్లా గాలిబ్ అప్పు 40,000 రూపాయలు దాటిందని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. 750 రూపాయల ఏడాది పింఛనుతో, వడ్డీ లేకుండా, పైసా ఖర్చు పెట్టకుండా తీర్చినా యాభై ఏళ్లకు పైగా పట్టే మొత్తం అది. కోర్టు డిక్రీ వచ్చాక ఆయన కొంతకాలం పగటిపూట ఇల్లు కదల్లేదు. గౌరవనీయులను ఇంట్లో ఉండగా అరెస్టు చేసే ఆనవాయితీ అప్పుడు లేదు. గడప దాటితేనే ప్రమాదం.

1837లో ఒక ఇంగ్లిష్ మద్యం వర్తకుడి బాకీ కేసులోనూ ఆయన ఇరుక్కున్నారు. లోహారు నవాబు కుటుంబానికి చెందిన బంధువు అమీనుద్దీన్ అహ్మద్ ఖాన్ డబ్బు కట్టి విడిపించారు. అప్పు తెచ్చి తాగడం మీద గాలిబ్ చెప్పిన షేర్‌ను కోర్టులోనే వినిపించారని, న్యాయమూర్తిగా ఉన్న మిత్రుడు ముఫ్తీ సద్రుద్దీన్ ఆజుర్దా నవ్వుకుని తన జేబులోంచే బాకీ తీర్చారని మరో కథ ప్రచారంలో ఉంది.

ఉద్యోగం చేసే అవకాశం రాలేదా అంటే వచ్చింది. 1840 ప్రాంతంలో ఢిల్లీ కాలేజీలో పారశీక బోధకుడి పదవికి పిలుపొచ్చింది. గాలిబ్ పల్లకీలో వెళ్లి గుమ్మం ముందు ఆగారు. లోపలి నుంచి ఇంగ్లిష్ అధికారి ఎదురొచ్చి ఆహ్వానిస్తారని చూశారు. దర్బారుకు వచ్చినప్పుడు ఆ మర్యాద ఉంటుంది గానీ ఉద్యోగానికి వచ్చినవారికి ఉండదని జవాబొచ్చింది. ఉద్యోగం గౌరవం పెంచాలి గానీ ఉన్నదాన్ని తగ్గించకూడదంటూ ఆయన అదే పల్లకీలో వెనుదిరిగారు. ఈ సంఘటనను ఆత్మాభిమానానికి గుర్తుగా ఇప్పటికీ చెప్పుకుంటారు. నెలనెలా రావాల్సిన జీతం కూడా ఆ పల్లకీతోనే వెనక్కి వెళ్లిపోయింది.

1847లో ఇంట్లో జూదం ఆడించారన్న కేసులో ఆరు నెలల శిక్ష పడింది. మూడు నెలల తర్వాత విడుదలయ్యారు. ఆ అవమానాన్ని జీవితాంతం మర్చిపోలేదు.

1850లో మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ ఆయనకు బిరుదులిచ్చి, తైమూర్ వంశ చరిత్ర రాసే పని అప్పగించారు. జీతం ఏడాదికి 600 రూపాయలు. చిక్కేమిటంటే దాన్ని ఆరు నెలలకోసారి ఇచ్చేవారు. ఈలోగా వడ్డీకి తెచ్చుకోవాలి. జీతం చేతికొచ్చేసరికి పెద్ద ముక్క షావుకారుకు పోతుంది. జీతం నెలనెలా ఇప్పించమని గాలిబ్ చక్రవర్తికి పద్యరూపంలో అర్జీ పెట్టుకున్నారు. చలికి కప్పుకోవాలి, ఎండకు తట్టుకోవాలి, రోజూ తినాలి, మరి జీతం మాత్రం ఏడాదికి రెండుసార్లా అన్నది ఆ అర్జీ వాదన. జీతం ఆలస్యమైతే వడ్డీ ఎవరి నెత్తిన పడుతుందో తెలిసిన ఏ చిరుద్యోగికైనా ఆ పద్యం అర్థమవుతుంది.

నేలమాళిగలో దాచినది కూడా దక్కలేదు

1857 మే 11న మేరఠ్ సిపాయిలు ఢిల్లీలో అడుగుపెట్టారు. ఆ నెల నుంచే పింఛను ఆగిపోయింది. సెప్టెంబర్‌లో బ్రిటిష్ సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకుంది. దర్బారు పోయింది, దాంతో ఆ జీతమూ పోయింది. అక్టోబర్‌లో మతిస్థిమితం లేని తమ్ముడు మిర్జా యూసుఫ్ చనిపోయారు.

గాలిబ్ ఉన్న వీధిలో పటియాలా మహారాజు వైద్యుల ఇళ్లుండేవి. వాటికి మహారాజు సైనికులు కాపలా కాయడంతో ఆ వీధి చాలావరకు లూటీ నుంచి బయటపడింది. అయితే ఉమ్రావ్ బేగం భర్తకు చెప్పకుండా ముందుజాగ్రత్తగా తన నగలను, విలువైన వస్తువులను కాలే సాహెబ్ అనే పెద్దమనిషి ఇంటికి పంపించారు. వాటిని అక్కడ నేలమాళిగలో పెట్టి తలుపు మూసి మట్టితో పూడ్చారు. గెలిచిన సైన్యం ఆ ఇంటిని లూటీ చేసి, నేలమాళిగను తవ్వి అంతా పట్టుకుపోయింది. దాచకుండా ఇంట్లో ఉంచిన సామాను మిగిలింది, జాగ్రత్తగా దాచింది పోయింది.

ఆ రోజుల్లో విదేశీ మద్యం మాట అటుంచి రొట్టె దొరకడమే కష్టం. 'దస్తంబు' అనే పారశీక గ్రంథంలో గాలిబ్ ఆ కాలాన్ని నమోదు చేశారు. తనకు సాయపడిన హిందూ మిత్రులను అందులో పేరుపేరునా తలచుకున్నారు. మహేశ్ దాస్ అనే ఆయన చెరకుతో చేసిన మద్యం పంపి తన దాహం తీర్చాడని కృతజ్ఞతతో రాశారు. ఫ్రెంచి సరుకు కోసం అప్పులు చేసిన నాలుకకు నాటు సరుకే అమృతమైంది. శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తా మేరఠ్ నుంచి డబ్బు పంపారు. ఇంట్లో బట్టలు, పరుపులు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. జనం రొట్టె తింటుంటే తాను బట్టలు తింటున్నానని ఆయన చమత్కరించారు.

బ్రిటిష్ అధికారి కర్నల్ బర్న్ ఎదుట ఆయన్ని హాజరుపరిచినప్పటి సంగతి అందరికీ తెలిసిందే. ముస్లిమా అని అడిగితే సగం ముస్లింనని, మద్యం తాగుతాను గానీ పందిమాంసం తిననని జవాబిచ్చారు. అధికారి నవ్వాడు. నగరంలో వందల మందిని ఉరితీస్తున్న రోజులవి. ఆ నవ్వు విలువ మామూలుది కాదు.

162 రూపాయల బడ్జెట్

1859 జులై నుంచి రాంపుర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు పంపడం మొదలుపెట్టారు. 1860 మేలో పింఛను తిరిగి మంజూరైంది. మూడేళ్ల బకాయి 2,250 రూపాయలు ఒకేసారి వచ్చాయి. అందులో చాలా భాగం అప్పులవాళ్లకే వెళ్లింది.

ఆ తర్వాత ఆయన నెల ఆదాయం 162 రూపాయల 8 అణాలు. అదే ఆయన జీవితంలో కాస్త నిలకడగా వచ్చిన రాబడి. దాని లెక్కను లోహారు కుటుంబంలోని అలావుద్దీన్ అహ్మద్ ఖాన్‌కు రాసిన ఉత్తరంలో విప్పి చెప్పారు. అసలు కింద వాయిదా, దాని మీద వడ్డీ, ఆదాయపు పన్ను, చౌకీదారు పన్ను. భార్య ఖర్చు, పిల్లల ఖర్చు, నౌకర్ల ఖర్చు. ఇండియాలో ఆదాయపు పన్ను 1860లోనే మొదలైంది. కొత్త పన్ను ఒక కవి ఇంటి బడ్జెట్‌ను ఎలా తాకిందో చెప్పే తొలి సాక్ష్యాల్లో ఈ ఉత్తరం ఒకటి.

లెక్క కుదరకపోయేసరికి గాలిబ్ కోతలు పెట్టారు. పొద్దున తాగే చల్లని పానీయం బంద్. మధ్యాహ్నం మాంసం సగానికి సగం. రాత్రి మద్యం, గులాబీ నీరు పూర్తిగా బంద్. దాంతో నెలకు 20, 22 రూపాయలు మిగిలాయి. ఇల్లు గడిచింది. ఎన్నాళ్లిలా తాగకుండా ఉంటారని స్నేహితులు అడిగితే, పైవాడు తాగించేదాకా అన్నారు. నెల తిరక్కుండానే రాంపుర్ నుంచి అదనంగా కొంత సొమ్ము వచ్చింది. వాయిదా కట్టేశారు. మద్యం మళ్లీ మొదలైంది, మాంసం మళ్లీ నిండుగా వచ్చింది.

మరో ఉత్తరంలో తనను తానే మూడో మనిషిగా నిలబెట్టి ఎగతాళి చేసుకున్నారు. కొట్టు నుంచి మద్యం, అత్తరు వ్యాపారి నుంచి గులాబీ నీరు, బట్టల కొట్టు నుంచి గుడ్డ, పళ్ల వ్యాపారి నుంచి మామిడిపళ్లు, షరాబు నుంచి నగదు. అన్నీ అరువే. తిరిగి ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తానన్న ఆలోచన చేశాడా అని ఆ మనిషిని నిలదీశారు.

దాచుకోవడానికి కావాల్సినవి

మంచి వైన్ దాచిన కొద్దీ రుచి పెరుగుతుందంటారు. అది అన్ని మద్యాలకూ వర్తించదు. జిన్, రమ్ లాంటివి సీసాలోకి ఎక్కాక దాదాపు మారవు. మంచి పంటతో చేసిన వైన్లు, ఒకే ఏడాది ద్రాక్షతో చేసే వింటేజ్ షాంపేన్ లాంటివి ఏళ్ల తరబడి మారుతూ ఉంటాయి. అందుకు ఏడాది పొడవునా సుమారు 12 డిగ్రీల స్థిరమైన చల్లదనం, చీకటి ఉండాలి. బిరడా ఎండిపోకుండా వైన్ సీసాలను పడుకోబెట్టాలి. ఢిల్లీ వేసవిలో 45 డిగ్రీల ఎండకు మామూలు గదిలో ఉంచితే అలాంటి సీసా ఒక్క ఏడాదిలోనే పాడైపోవచ్చు.

వాతావరణం ఒక్కటే కాదు. ఈ పనికి సొంత చోటు కావాలి. గాలిబ్ ఢిల్లీలో ఎన్నడూ సొంత ఇల్లు కొనుక్కోలేదు. ఈ నెల ముట్టుకోనక్కర్లేని డబ్బు కావాలి. ఆయన చేతికి వచ్చేసరికే డబ్బు షావుకారుది. అన్నిటికీ మించి రేపటి మీద నమ్మకం కావాలి. ఏడుగురు పిల్లలు పుట్టి ఒక్కరూ పసితనం దాటలేదు. కొడుకులా చూసుకున్న భార్య అక్క కొడుకు ఆరిఫ్ 1852లో చిన్నవయసులోనే పోయారు. ఆయన ఇద్దరు పిల్లల్ని గాలిబ్ దంపతులే పెంచారు. నేలమాళిగలో దాచిన నగలు లూటీ పాలయ్యాయి. పదేళ్ల తర్వాత తెరుద్దామని ఒక సీసాను పక్కన పెట్టడానికి ఇలాంటి జీవితంలో చోటెక్కడ?

అందుకే ఆ 17 సీసాలు అంత పెద్ద వార్త అయ్యాయి. ఇవాళ ఢిల్లీ ఎక్సైజ్ నిబంధనల ప్రకారం 25 ఏళ్లు దాటిన వ్యక్తి 18 లీటర్ల వైన్ లేదా బీరు, 9 లీటర్ల విస్కీ, జిన్ లాంటివి ఇంట్లో ఉంచుకోవచ్చు. నేటి 750 మిల్లీలీటర్ల సీసా లెక్కన 17 సీసాలు 13 లీటర్లకు లోపే. వైన్ అయితే పరిమితిలోనే ఉంటుంది. మధ్యతరగతి ఇంటి అలమరలో పట్టేంత సరుకు అది. గాలిబ్‌కు అదే కొన్ని వారాల పాటు రేపటి చింత లేకుండా చేసిన భాగ్యం.

చివరి ఖాతా

చివరి రోజుల్లో చూపు తగ్గింది, చెవులు వినిపించలేదు. రాంపుర్ కొత్త నవాబు కల్బె అలీ ఖాన్‌కు తన అప్పులు తీర్చి వెళ్లనివ్వమని ఉత్తరాలు రాశారు. 1869 ఫిబ్రవరి 15న గాలిబ్ కన్నుమూశారు. సుమారు 800 రూపాయల అప్పు మిగిలింది. దాన్ని తీర్చే మార్గం కోసం ఉత్తరాలు రాసే పని ఉమ్రావ్ బేగం మీద పడింది. అటూఇటుగా ఏడాదికే, 1870 ఫిబ్రవరిలో ఆమె కూడా పోయారు.

హజ్రత్ నిజాముద్దీన్‌లో, చౌసఠ్ ఖంబా పక్కన లోహారు కుటుంబ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఇప్పుడున్న పాలరాతి కట్టడం 1955లో వచ్చింది. గలీ కాసిం జాన్‌లోని ఆయన చివరి అద్దె ఇంట్లో కొంత భాగాన్ని ఢిల్లీ ప్రభుత్వం స్మారకంగా మార్చింది. ఏటా డిసెంబర్ 27న అక్కడ దీపాలు వెలిగిస్తారు. ఆయన షేర్లు చదువుతారు.

రసికుడని, దర్జాగా బతికాడని ఆయన్ని అందరూ తలచుకుంటారు. ఆ దర్జాకు నెలనెలా కట్టాల్సిన వాయిదాల్లో సగం ఆ ఇంటి ఇల్లాలి వంతుకు వచ్చాయి. తన గిన్నెలు వేరుగా పెట్టుకున్నా, భర్త చేసిన బాకీని మాత్రం ఆమె వేరు చేసుకోలేకపోయారు. ఉమ్రావ్ బేగం సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది.